బొమ్మకార్ల బీరువాలో రైలు షెడ్డు చరిత్ర

ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసినదని మన సంఘం కార్యదర్శిగారు మా పార్సిలు ఆఫీసుకు వచ్చి అడిగినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. నా చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగిపోయినది. వేమన మీదనో, శ్రీకృష్ణదేవరాయల మీదనో వ్రాయగల పెద్దలు మనలో చాలమంది ఉన్నారు. “నీకు తెలిసినదే వ్రాయి నాయనా, ఆ బొమ్మకార్ల సంగతే వ్రాయి” అని ఆయన అన్నారు. అది వేళాకోళమో నిజమో నాకు బోధపడలేదు. నిజమనే తీసుకొని వ్రాస్తున్నాను. పిల్లల ఆటబొమ్మల ముచ్చట గదా అని పేజీ తిప్పివేయక, మన రైల్వే కాలనీ సోదరులు కడదాకా చదువవలెనని ప్రార్థన. ఇందులో వర్కుషాపు కుటుంబాలకు చెందవలసిన సంగతి ఒకటి ఉన్నది.

మా ఇంటి వసారాలో గాజుతలుపుల బీరువా ఒకటి ఉన్నది. అందులో 71 కార్లు ఉన్నవి. పెద్దది జానెడు లేదు, చిన్నది బొటనవ్రేలంత. అన్నీ నిజంగా ఒకప్పుడు రోడ్డుమీద తిరిగిన కార్లకు కొలత ప్రకారం తగ్గించి పోసిన నమూనాలు. పన్నెండేండ్లుగా ఒక్కొక్కటే కూడబెట్టినాను. నా భార్య వీటిని “మీ రెండో సంసారం” అంటుంది. మా నాయన చాలాకాలం ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే అనడం.

కాలనీ పిల్లలు వచ్చి గాజుకు ముక్కులు ఆనించి అడిగే ప్రశ్న ఒక్కటే: “మామా, వీటిలో అన్నిటికంటె గొప్ప కారు ఏది?” సులువైన ప్రశ్నే అనుకొని, రైలుబండిలో తరగతులు పెట్టినట్లు బీరువాలో తరగతులు పెట్టినాను. పై అరలో ఫస్టు క్లాసు, దానిక్రింద సెకండు, అడుగున మనబోటివాళ్ళవి. తీరా పెట్టబోతే ఏది ఫస్టు క్లాసో తేలలేదు. రోల్స్‌రాయిస్ గొప్పదా, బెంట్లీ గొప్పదా, డైమ్లరా, బుగాటీయా? ఆ తగవు తీర్చుకోవడానికి నాలుగైదేండ్లు దొరికిన పుస్తకమల్లా చదివినాను. చదివిన కొద్దీ ప్రతి కారు వెనుకనుంచీ ఒక రైలుకూత వినవచ్చినది. ఆ సంగతే ఈ వ్యాసం.

ముందు కొలత ముచ్చట. నా కార్లలో ఎక్కువ భాగం 43వ వంతు కొలతవి. అసలు కారులో 43 అంగుళాలున్నచోట బొమ్మలో ఒక అంగుళం అన్నమాట. మన అంబాసిడరు ఈ లెక్కన పది సెంటీమీటర్లు అవుతుంది. మన హుబ్బళ్ళి ప్లాట్‌ఫారం 1,507 మీటర్లది గదా, దానిని ఈ కొలతకు దించితే సుమారు 35 మీటర్లు. లెక్కకు సులువుగా 40, 50 ఉండగా ఈ 43 ఎక్కడిది అని నాకు చాలా కాలం అనుమానముండేది. తీరా చూస్తే ఇది మోటారు కార్ల వాళ్ళు పెట్టిన కొలతే కాదు. ఇంగ్లండులో ఓ గేజి అనే బొమ్మరైళ్ళు ఉండేవి. అసలు రైలులోని ఒక అడుగును బొమ్మలో ఏడు మిల్లీమీటర్లు చేసేవారు. అడుగుకు 304.8 మిల్లీమీటర్లు, ఏడుతో భాగిస్తే వచ్చేది 43న్నర. బొమ్మ స్టేషను బయట నిలబెట్టే బొమ్మకారు కూడ ఆ కొలతకే దగ్గరగా ఉండవలెను గదా! అట్లా రైలు కొలత కారుకు అంటుకొని, రైలుబొమ్మలు వెనుకపడిన తరువాత కూడ కారును వదలలేదు.

ఆ బొమ్మరైళ్ళు చేసినవాడు ఫ్రాంక్ హార్న్‌బీ. 1863లో లివర్‌పూల్‌లో పుట్టినాడు. ఇంజనీరు కాడు, మాంసం దిగుమతి చేసే ఒక వర్తకుని దగ్గర పద్దులు వ్రాసే గుమస్తా. తన పిల్లలు ఆడుకోవడానికి చిల్లులు పెట్టిన రేకు పట్టీలు, మరలు చేసి ఇచ్చి, 1901లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. అదే తరువాత మెకానో అయినది. 1920లో రైలుబొమ్మలకు దిగినాడు. ఆ రైళ్ళ పక్కన పెట్టుకోవడానికి చిన్న పోతబొమ్మలు కొన్ని పెట్టెలుగా అమ్మినారు. వాటిలో ఒకటవ నంబరు పెట్టెలో ఉన్నది కారు కాదు. స్టేషను మాస్టరు, గార్డు, టిక్కెట్టు కలెక్టరు, పోర్టర్లు! కార్లు 1933 చివరకు గాని రాలేదు. 1934లో ఆ బొమ్మలకు డింకీ అని పేరు పెట్టినారు. ఇప్పుడు లోకమంతా వేలంపాటలలో ఎగబడి కొనే డింకీ కార్లు పుట్టినప్పుడు స్టేషను మాస్టరుగారి వెనుక నిలబడిన సామాన్లే. పార్సిలు గుమస్తాగా ఈ సంగతి నాకు కొంచెం గర్వం కలిగించినదని ఒప్పుకుంటాను.

1935లో డింకీవారు 30వ నంబరు వరుస తీసినారు. అందులో క్రైస్లర్ ఎయిర్‌ఫ్లో, రోల్స్‌రాయిస్, డైమ్లర్ పక్కపక్కన వచ్చినవి. అసలు లోకంలో ఆ మూడింటి యజమానులు ఒకే పంక్తిలో కూర్చొని భోజనం చేసి ఉండరు.

ఈ డింకీల మీద ఆశతోనే నేను ఒకసారి దెబ్బ తిన్నాను. యుద్ధానికి ముందరి కారు ఒకటి అమ్ముతానని ఒక ఆసామి చెబితే, రెండు నెలల ఓవర్‌టైము డబ్బు పంపినాను. పేరెందుకు లెండి. కారు వచ్చినప్పుడు చూపుకు బాగానే ఉన్నది. రెండు వర్షాకాలాలు గడిచేసరికి మూత మీద సాలెగూడు వంటి పగుళ్ళు తేలినవి. ఒకనాడు చేతిలోకి తీసుకుంటే మడ్‌గార్డు బిస్కెత్తు మాదిరి విరిగి పడినది. నేను తుప్పు అనుకొని నూనె రాస్తుంటే మా నాయన మొదటిసారి బీరువా దగ్గరకు వచ్చినారు. ఆయన వర్కుషాపులో ఫిట్టరుగా రిటైరైనారు. ముక్కను వెలుతురులో తిప్పిచూసి, “ఒరే, తుప్పు కాదురా ఇది. పోతలోనే దోసముండాది. సీసం తగిలిన పోత ఇది. నూనె రాసినా, నెయ్యి రాసినా ఇంతే” అన్నారు.

తరువాత చదివితే అక్షరాలా అదే. ఈ కార్లు జింకుతో పోస్తారు. మన పెద్దలు తుత్తునాగం అనేవారు. దానిలో నూటికి నాలుగు పాళ్ళు అల్యూమినియం కలుపుతారు. వేయింట ఒక పాలు సీసం తగిలినా చాలు, లోహం లోపలి రేణువుల మధ్య చెద పుట్టి, ఉబ్బి, పగిలిపోతుంది. తేమ, వేడి ఉంటే మరీ త్వరగా పోతుంది. డింకీ మొదటి కార్లలో కొన్ని సీసంతోనే పోసినవి. జింకుకు మారిన తరువాత శుద్ధి సరిగా కుదరక, యుద్ధానికి ముందరివి ఎన్నో ఇట్లాగే బూడిదైనవి. ఎనభై ఏండ్ల తరువాత బయటపడే దోషాన్ని మా నాయన ముక్క చూసి చెప్పినారు. ఆ రోజునుంచి ఏ పాత కారు కొనవలెనన్నా ముందు ఫొటో ఆయనకు చూపిస్తాను.

మిగిలిన బొమ్మల కంపెనీల కథ త్వరగా చెబుతాను. 1947లో లండనులో ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టిన లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అనే పోతపనివాడు చేరినాడు. అతని కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తేనిచ్చేవారట. ఆమె కోసం ఇత్తడితో ఒక చిన్న రోడ్డురోలరు చేసినాడు. 1953 నుంచి ఆ అగ్గిపెట్టె బొమ్మలే మ్యాచ్‌బాక్స్ పేరుతో దేశదేశాలకు పోయినవి. 1956లో వేల్సు నుంచి కోర్గీ వచ్చినది. కిటికీలకు అద్దాల మాదిరి ప్లాస్టిక్ పెట్టి డింకీ ఆట కట్టించినది. 1968లో అమెరికా నుంచి హాట్ వీల్స్ వచ్చి అందరినీ తరిమినది. డింకీ పాత అచ్చులు కొన్ని మన దేశానికి అమ్మితే, కలకత్తాలో నిక్కీ అనే పేరుతో కార్లు పోసినారు. నా దగ్గర రెండున్నవి. రంగు మందం, చక్రాలు వంకర. అయినా అవి మనవి. లివర్‌పూల్‌లోని డింకీ కర్మాగారం 1979లో మూతపడినది. లెస్నీ 1982లో దివాలా తీసినది.

ఇక అసలు తగవుకు వస్తాను. దర్జాను దేనితో కొలవవలెను?

నేను పార్సిళ్ళు తూచేవాణ్ణి గనుక మొదట బరువూ ధరా చూసినాను. అది కుదరలేదు. ఆ రోజులలో దర్జా కారుకు ఒక ధర అని ఉండేది కాదు. రోల్స్‌రాయిస్ వారు రెండో ప్రపంచయుద్ధం ముగిసేవరకు చక్రాలు, ఇంజను, అండర్‌ఫ్రేము మాత్రమే చేసి అమ్మేవారు. పైపెట్టె వేరే వడ్రంగులది. బార్కర్, హూపర్, మల్లినర్ వంటి కంపెనీల వాళ్ళు గుర్రపుబండ్లు కట్టిన చేతులతోనే కొన్నవాని ఇష్టప్రకారం బాడీ కట్టేవారు. కారుకు అండర్‌ఫ్రేము ఒకరు, బాడీ ఒకరు అంటే మన క్యారేజీ షాపులో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఎవరు ఎక్కినారు అన్నది చూద్దామా అంటే, 1900 నుంచి అర్ధశతాబ్దం ఇంగ్లండు రాజులు ఎక్కినది డైమ్లరు. రోల్స్‌రాయిస్‌కు ఆ గడప 1950లో గాని దొరకలేదు. కొత్త కనికట్టు ఎవరిది అని చూస్తే, నాలుగు చక్రాలకూ ఒక్కసారిగా సర్వో బ్రేకు పట్టించే ఉపాయం హిస్పానో సుయిజా వారిది. రోల్స్‌రాయిస్ వారే లైసెన్సు పుచ్చుకొని వాడుకున్నారు. హ్యాండిల్ తిప్పే బాధ లేకుండా కరెంటుతో ఇంజను లేపినది అమెరికా క్యాడిలాక్, 1912 మోడలులో. ఇట్లా ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క కారు పై అరకు ఎక్కడం, దిగడం. మా ఇంట్లో దీనిని చూసి “మీ ఆయన బీరువాలో షంటింగు చేస్తున్నాడు” అని పొరుగింటి అక్క నవ్వినది.

చివరకు మాటలను పట్టుకున్నాను. కార్లలో దర్జా చూపే మాటలు చూడండి. ఇంగ్లీషువారు మూసిన కారును సెలూను అంటారు; మన పెద్ద అధికారులు తనిఖీకి వచ్చే బోగీ కూడ సెలూనే. రెండు తలుపుల సొగసు కారును కూపే అంటారు. ఫస్టు ఏసీలో ఇద్దరికి ఇచ్చే గది కూపే. ఇది ఫ్రెంచి మాట, ‘కోసినది’ అని అర్థం. పెద్ద గుర్రపుబండిని సగానికి కోస్తే మిగిలినదట. రైలూ కారూ దీనిని గుర్రపుబండి నుంచే తెచ్చుకున్నవి. 1963లో మెర్సిడిస్ వారు అధ్యక్షులకూ నియంతలకూ చేసిన పొడవాటి 600 కారుకు పెట్టిన పుల్‌మన్ అనే పేరు మాత్రం అచ్చంగా రైలుది. అమెరికాలో పడక బోగీలు కట్టిన జార్జి పుల్‌మన్ పేరు అది. లోకంలోకెల్లా దర్జా కారు చేసి దానికి ఒక రైలుబోగీ పేరు పెట్టినారంటే, దర్జాకు ముద్ర వేసినది ముందు ఎవరో చూడండి!

మాటలతో ఆగలేదు, మనుషులు కూడ అక్కడినుంచే వచ్చినారు.

హెన్రీ రాయిస్ కూడ హార్న్‌బీ పుట్టిన 1863లోనే పుట్టినాడు. తొమ్మిదేండ్లకు తండ్రి పోయినాడు. పేపర్లు అమ్మినాడు, టెలిగ్రాములు పంచినాడు. 1878లో ఒక మేనత్త డబ్బు కట్టగా, పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్కుషాపులో అప్రెంటిస్‌గా చేరినాడు. బస చేసిన ఇంటి పెరటిలో ఆ ఇంటాయనకు ఒక లేత్ ఉండేది. సాయంత్రాలు దానిమీద ఆకురాయి పట్టడం, అతకడం నేర్చుకున్నాడు. మూడేండ్లకు ఆ మేనత్త దగ్గర డబ్బు అయిపోయినది. అప్రెంటిసు పూర్తి కాకుండానే షెడ్డు విడిచిపెట్టినాడు. తరువాత మాంచెస్టరులో కరెంటు సామాన్లు, క్రేన్లు చేసి, 1904లో మొదటి కారు చేసినాడు. ఆ ఏడే మే 4వ తేదీన చార్లెస్ రోల్స్ అనే జమీందారు బిడ్డ అతనిని కలిసినాడు. పేరులో ముందు రోల్స్, వెనుక రాయిస్.

వాళ్ళ సిల్వర్ ఘోస్ట్ కారుకు 1907లో ఒక పరీక్ష పెట్టినారు. లండనుకూ గ్లాస్గోకూ మధ్య, ఆదివారాలు తప్ప, పగలూ రాత్రీ నడపడం. 629వ మైలు దగ్గర అదురుకు పెట్రోలు కుళాయి దానంతట అదే మూసుకొని బండి నిలిచినది. ఆ తరువాత 14,371 మైళ్ళు దానంతట అది ఆగలేదు. పరీక్ష అయినాక పరీక్షాధికారులు కారును విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్ళీ కొత్తదానివలె చేయడానికి వేసిన ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. లెక్కలు వ్రాసేవాణ్ణి గనుక ఈ ఏడు పెన్నీలంటే నాకు ప్రాణం. కారును విప్పి, అరుగుదల కొలిచి, బిల్లు వ్రాయడం రైలు షెడ్డు పద్ధతి.

అదే సిల్వర్ ఘోస్ట్ మన తెలుగుగడ్డకు కూడ ఒకటి వచ్చినది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1911లో ఆర్డరు చేసినారు. ఆ ఏడాదే ఆయన పోయినారు. కారు ఏడవ నిజాం కాలంలో చేరినది. పసుపుపచ్చ రంగు, బార్కర్ వారి బాడీ, వెనుక సింహాసనం వలె ఎత్తైన ఆసనం. దానిని సింహాసనపు కారనే అంటారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెసులో చూడవచ్చును. నేను చూసినాను. అది మొత్తం తిరిగినది 356 మైళ్ళట. ఒకే కంపెనీ, ఒకే రకం ఇంజను. ఒకటి 14 వేల మైళ్ళు ఆగలేదు, ఇంకొకటి మూడువందల చిల్లరకు మించి కదలలేదు. ఏది ఎక్కువ దర్జా అని పిల్లలడిగితే నేను నిజాంగారి కారును చూపలేను. రాయిస్ కూడ చూపి ఉండడు.

బెంట్లీ కథ ఇంకా వింత. డబ్ల్యు. ఓ. బెంట్లీ పేదవాడు కాడు. మంచి బడిలో చదివి, పదహారేండ్లకు అది మానివేసి, ఇంజన్ల పిచ్చితో 1905లో డాన్‌కాస్టరు వర్కుషాపులో డబ్బు కట్టి అప్రెంటిస్‌గా చేరినాడు. అదీ గ్రేట్ నార్తర్న్ రైల్వేదే! అయిదేండ్లు పనిచేసి, ఫుట్‌ప్లేటు మీద నిలబడి బొగ్గు కూడ వేసినాడు. 1919లో కార్ల కంపెనీ పెట్టినాడు. అతని కార్లు బరువు, పొడవు, మోటుబలం. చూస్తేనే స్టీము ఇంజను చేసే చేయి అని తెలుస్తుంది. బుగాటీ వాటిని లారీలని వెక్కిరించినాడట. ఆ లారీలు 1924లోనూ, 1927 నుంచి 1930 వరకు వరుసగా నాలుగేండ్లూ ఫ్రాన్సులో 24 గంటల పందెం గెలిచినవి.

1930 మార్చిలో ఒక బెంట్లీ రైలుతోనే పందెం వేసినది. కంపెనీ అధిపతి వూల్ఫ్ బార్నాటో. ఫ్రాన్సు దక్షిణతీరం నుంచి ఉత్తరాన కాలే రేవుకు నీలిరైలు అనే దర్జా బండి నడిచేది. అది కాలే చేరేలోగా తాను లండనులో తన క్లబ్బులో ఉంటానని పందెం వేసినాడు. 13వ తేదీ సాయంత్రం కాన్ నుంచి బయలుదేరినాడు. వాన, మంచు, అర్ధరాత్రి పెట్రోలు కోసం వెదుకులాట, ఒక పంక్చరు. సముద్రం పడవమీద దాటి మరునాడు మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు క్లబ్బు మెట్లెక్కినాడు. నాలుగు నిమిషాలకు రైలు కాలే చేరినది. రోడ్డుమీద పందెమాడినందుకు ఫ్రాన్సు ప్రభుత్వం జుల్మానా వేసినది.

ఇక్కడ రైల్వేవాణ్ణిగా ఒక మాట అనక తప్పదు. నీలిరైలు ఎవరితోనూ పందెం ఒప్పుకోలేదు. తన టైంటేబులు ప్రకారం స్టేషన్లలో ఆగుతూ, జనాన్ని ఎక్కించుకుంటూ, పారిస్‌లో ఒక పెద్ద స్టేషను నుంచి ఇంకో పెద్ద స్టేషనుకు ఊరిచుట్టూ ఉన్న లైనుమీద చుట్టి వచ్చినది. అంత చేసి నాలుగు నిమిషాలు వెనుకబడినది. గెలుపు బార్నాటోదే, కాదనను.

ఈ పందెం కారు నమూనా నా దగ్గర ఉన్నది. వెనుకకు వాలిన మూత, సన్నని కిటికీలు, చూడముచ్చటగా ఉంటుంది. కొన్న ఏడాదికి తెలిసినది, ఆ కారు పందెంలో పరుగెత్తలేదని! ఆ సొగసు కూపే బార్నాటోకు చేరినది 1930 మేలో. మార్చిలో ఆయన నడిపినది మల్లినర్ వారు కట్టిన మామూలు నాలుగు తలుపుల సెలూను. తరువాత టెరెన్స్ క్యూనియో అనే చిత్రకారుడు (రైలు చిత్రాలకు పేరుపడినవాడు) రైలు పక్కన కూపే పరుగెత్తుతున్నట్లు బొమ్మ వేసినాడు. ఆ బొమ్మను చూసి నమూనాలు పోసినారు, నమూనాలు చూసి జనం నమ్మినారు. సొగసైన కారుకు సొగసైన కథ కావలెను, అంతే. నేను దానిని తీసివేయలేదు. చీటీమీద మాత్రం “మే నెల కారు” అని వ్రాసి పెట్టినాను.

ఆ 1930లోనే బెంట్లీ 8 లీటర్ల ఇంజనుతో ఒక పెద్ద కారు తీసినాడు. ఇంటంత బాడీ కట్టినా గంటకు నూరు మైళ్ళు పోయేది. అది రోల్స్‌రాయిస్‌కు సూటిగా పోటీ. లోకమంతా వ్యాపారం కుప్పగూలిన సమయం. నూరు కార్లు చేసేసరికి డబ్బు అయిపోయినది. 1931లో కంపెనీని రోల్స్‌రాయిస్ వారే వేరొకరి పేరుతో కొనివేసినారు. తన పేరుగల కంపెనీలో బెంట్లీ ఉద్యోగి అయినాడు.

అప్పుడు జరిగిన ఒక ముచ్చట ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ముసలి రాయిస్ ముందుకు ఇతనిని పిలిపించినారు. మీరు వ్యాపారస్తులు కాబోలు అన్నట్లు రాయిస్ అడిగినాడు. కాదు, సాంకేతికపు పనివాణ్ణి అన్నాడు బెంట్లీ. అయితే ఇంజనీరు కాదన్నమాట అన్నాడు రాయిస్. అప్పుడు బెంట్లీ నెమ్మదిగా జ్ఞాపకం చేసినాడు: తమరు పీటర్‌బరో షెడ్డులో కుర్రవాడుగా ఉన్న కొంతకాలానికి నేను డాన్‌కాస్టరులో అప్రెంటిస్‌ను అని.

ఈ ముచ్చట మా నాయనకు చదివి చెప్పినాను. ఆయన చాలాసేపు ఊరుకొని, “డబ్బు అయిపోయి అప్రెంటిసు ఇడిసినోడు అంత మాట అన్నాడా?” అన్నారు. తరువాత తన అప్రెంటిసు రోజులు చెప్పినారు. ఇనుపముక్కను ఆకురాయితో అన్నివైపులా సమంగా చతురంగా అరగదీయడం మొదటి పాఠమట. చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోవడానికి రాకపోతే మా తాత కలిపి పెట్టేవారట. మా తాత గుంతకల్లు నుంచి ఇక్కడికి ఖలాసీగా వచ్చినవారు. ఆయన కలిపి పెట్టిన ముద్ద సంగతి ముప్పై అయిదేండ్లలో నేను మొదటిసారి విన్నాను.

అమెరికాలో వాల్టర్ క్రైస్లర్ కూడ ఆ జాతివాడే. తండ్రి ఇంజను డ్రైవరు. కొడుకు కాన్సస్‌లోని ఎల్లిస్ షెడ్డులో ఊడ్చే పనికి చేరి, అప్రెంటిసై, మెట్టు మెట్టు ఎక్కినాడు. 1908లో షికాగో ప్రదర్శనలో లోకోమొబీలు అనే తెల్లకారు చూసినాడు. ధర 5,000 డాలర్లు. చేతిలో 700, మిగిలిన 4,300 అప్పు. కారును రైలుమీద పార్సిలు వేయించి ఇంటికి తెచ్చి, నడపకుండా, కొట్టంలో మొత్తం విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టినాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. భార్యను ఎక్కించుకొని తిప్పినది తరువాతెప్పుడో. ఆమె సహనం తలచుకుంటే నా భార్యకు ఈ పేరా చూపవలెనని ఉన్నది. 1925లో క్రైస్లర్ కంపెనీ, మరుసటి ఏడు క్యాడిలాక్‌కు పోటీగా ఇంపీరియల్ అనే దర్జా కారు వచ్చినవి.

ఒక్క ఎట్టోరె బుగాటీ రైలునుంచి రాలేదు. కళాకారుల ఇంటివాడు. రాజులకే అమ్ముతానని రాయేల్ అనే కారు తలపెట్టినాడు. ఆరు మీటర్లకు పైన పొడవు, మూడు టన్నులకు పైన బరువు, దాదాపు 13 లీటర్ల ఇంజను. ముందు రేడియేటరు మీద తమ్ముడు రెంబ్రాంట్ చెక్కిన నిలువు ఏనుగు. ఇరవై అయిదు చేయవలెననుకొని ఆరు చేసినాడు. కొన్నవారు ముగ్గురు: రెడీమేడు బట్టల వ్యాపారి ఒకరు, డాక్టరు ఒకరు, ఇంగ్లీషు ధనికుడొకరు. ఒక్క రాజూ కొనలేదు. రాజుల కోసం చేసిన ఇంజన్లు ఏమి చేయవలెను? ఫ్రాన్సు రైల్వేవారు ఆదుకున్నారు. 1933లో ఒక్కొక్క రైలుకారుకు నాలుగేసి రాయేల్ ఇంజన్లు పెట్టి పట్టాలెక్కించినాడు. డ్రైవరు గూడు పైకప్పు మధ్యలో ఉండేది. పారిస్ నుంచి డోవిల్‌కు సెలవులకు పోయే జనాన్ని మోసినవి. చిన్నవీ పెద్దవీ కలిపి ఎనభైకి పైగా తయారైనవి. 1958 వరకు నడిచినవి. రాజు ఎక్కని ఇంజను వెనుక టిక్కెట్టు కొన్నవాడల్లా ఎక్కినాడు.

నా బీరువాలో పెద్ద కారు ఆ రాయేలే, 15 సెంటీమీటర్లు. ఫస్టు క్లాసు, సెకండు క్లాసు చీటీలు ఇప్పుడు తీసివేసినాను. పై అరలో రోల్స్‌రాయిస్, బెంట్లీ, క్రైస్లర్ ఉన్నవి, ఎవరు ఏ షెడ్డులో పనిచేసినారో చీటీలతో. రాయేల్ మాత్రం అడుగు అరలో, నిక్కీ కార్ల పక్కన ఉండేది. మొన్న సంక్రాంతికి మా నాయన దానిని చేతిలోకి తీసుకొని, “ఈ ఇంజను రైలుకు పెట్టినారంటివి గదా, అది ఇప్పుడుండాదా?” అని అడిగినారు. ఉన్నదని చెప్పినాను. ఫ్రాన్సులో మ్యులూజ్ అనే ఊరిలో కార్ల మ్యూజియం ఒకటి, రైళ్ళ మ్యూజియం ఒకటి ఉన్నవి. కార్ల దానిలో అసలు రాయేళ్ళు రెండున్నవి; రైళ్ళ దానిలో బుగాటీ రైలుకారు ఉన్నది. ఆ కార్లన్నీ ఆ ఊరి ఉన్నిమిల్లు యజమానులు ష్లుంఫ్ సోదరులు రహస్యంగా కూడబెట్టినవి. మిల్లు మునిగి, 1977లో జీతాలు పోయిన పనివాళ్ళు తలుపులు తెరిచి లోపలికిపోతే నాలుగువందలకు పైగా కార్లు బయటపడినవి. 1982 నుంచి అది అందరూ చూసే మ్యూజియం.

ఆయన రాయేల్‌ను తీసుకొనిపోయి తానే పై అరలో పెట్టినారు. పక్కన ఒక జానెడు స్థలం ఖాళీగా ఉంచమన్నారు. ఆ రైలుకారు 43వ వంతు కొలతలో దొరుకునా అని వెదుకుతున్నాను. దొరికితే అది జానెడు స్థలంలో పట్టదు, అడుగున్నర కావలెనని ఆయనకు ఇంకా చెప్పలేదు.